ఎక్కించే ముందు



మాది జనగామ జిల్లా తరిగొప్పుల. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు, కొత్త మండలాలు ఏర్పడినప్పుడు మా ఊరు కూడా మండల కేంద్రమైంది. అయినా ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తే మేం ఇప్పటికీ నర్మెట మీదుగా జనగామకే పట్టుకుపోతాం. అట్లా ఒకసారి పట్టుకుపోయిన కంప్యూటర్ సంగతి ఈ పూట మీతో చెప్పుకోవాలని వచ్చాను. నిజానికి దాన్ని కదిలించాల్సిన పనే లేదు. ఆ మాట నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా ముందరి గదిలో టీవీ కింద ఒక పాత కంప్యూటర్ ఉంది. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపాం. చెల్లె పెళ్లి వీడియో, పిల్లల బతుకమ్మ ఫోటోలు, పాత సినిమాలు, పాటలు అన్నీ అందులోనే. ఆఫీసు పనులకు చాలదని పక్కన పెట్టిన కంప్యూటరో, టీవీ వెనక తగిలించిన చిన్న ఆండ్రాయిడ్ డబ్బానో ఇట్లా ఇంటిల్లిపాదికీ వినోదం పంచే పనిలో ఉండడం మీ ఇళ్లలోనూ చూసే ఉంటారు.

మా దాంట్లో ఇంకొకటి కూడా ఉండేది. మా బాపుకు ఒగ్గు కథంటే ప్రాణం. ఎక్కడ మల్లన్న పట్నాలు వేస్తున్నారని తెలిసినా టేపురికార్డరు చంకన పెట్టుకొని పోయేవాడు. ఒగ్గు కథ అనగానే మా జనగామ వైపు ముందు తలుచుకునే పేరు మాణిక్యాపురం చుక్క సత్తయ్యగారిది. 2017 నవంబరులో ఆయన కన్నుమూశారు. ఆయన కథ ఇప్పటికీ వినాలనుకున్నవాళ్లకు రికార్డుల్లో దొరుకుతుంది. బాపు పట్టిన కథలు అట్లాంటివి కావు. చుట్టుపక్కల ఊళ్ల చిన్న చిన్న బృందాలు, పగలు గొర్లు కాసి రాత్రి డోలు పట్టినవాళ్లు చెప్పిన మల్లన్న కథ, బీరప్ప కథ. ఆ గొంతులకు బాపు క్యాసెట్లు తప్ప లోకంలో మరో ఆనవాలు లేదు. మొత్తం తొమ్మిది క్యాసెట్లు.

ఒక ఎండాకాలం ఆ తొమ్మిదింటినీ కంప్యూటర్లోకి ఎక్కించాను. టేపురికార్డరుకు ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రం నుంచి ఒక వైరు తీసి కంప్యూటర్‌కు కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేయడం. ఇందులో దగ్గరిదారి లేదు. తొంభై నిమిషాల క్యాసెట్ అంటే ఒక్కో వైపు 45 నిమిషాలు, అంతసేపూ ఆడాల్సిందే. డోలు దెబ్బ పడ్డప్పుడల్లా తెర మీద నీలి గీత కుప్పలా లేచేది. నపీర ఊదినప్పుడు దట్టంగా పరుచుకునేది. కథకుడు వచనంలోకి దిగితే సన్నబడేది. బాపు కుర్చీ దగ్గరకు లాక్కొని, ఆ గీత చూస్తూ, ఇప్పుడు మల్లన్న ఏడికి వచ్చిండో ముందే చెప్పేవాడు. సీడీ నాణ్యతలో నిమిషానికి దాదాపు పది ఎంబీ చొప్పున, ఒక్కో క్యాసెట్ సుమారు 900 ఎంబీ అయింది. అన్నిటినీ డీ డ్రైవ్‌లో దాచాను. సీ డ్రైవ్‌లో విండోస్ ఉంటుంది, అది పాడైనా డీ డ్రైవ్‌లోనివి భద్రమని నమ్మాను. అది నా మొదటి తప్పు.

ఆ దసరాకు మా అక్క కొడుకు వచ్చాడు. చెల్లె పెళ్లి వీడియో ఆడకపోతే, తెర మీద కనిపించిన "కోడెక్ లేదు, డౌన్‌లోడ్ చేయండి" అనే మాట నమ్మి నొక్కాడు. ఒకటి ఎక్కింది. దాంతో పాటు అడగనివి ఇంకో మూడు ఎక్కాయి. బ్రౌజర్ తెరిస్తే ఎప్పుడూ చూడని పేజీ వచ్చేది. "మీ కంప్యూటర్‌లో తప్పులు దొరికాయి" అని గంటకోసారి ఒక డబ్బా లేచేది. చప్పుడు, బొమ్మ లాంటివి నడిపే డ్రైవర్లు కొత్తవి వేస్తానన్న మరో సాఫ్ట్‌వేర్ ఏదో మార్చింది. ఆ తర్వాత టీవీలో బొమ్మ వస్తోంది, చప్పుడు లేదు.

జనగామకు తీసుకుపోయాం. దుకాణం పేరు ఇక్కడ అవసరం లేదు. సాయంత్రానికి "ఫార్మాట్ కొట్టినం, కొత్తగ విండోస్ వేసినం" అని ఇచ్చారు. సీ, డీ అన్నీ కలిపి చెరిపి, మళ్లీ కొత్తగా విడగొట్టారు. వాళ్లను ఏమనడానికి లేదు. లోపల ఏముందో నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. ఇంటికి తెచ్చి టీవీకి తగిలిస్తే చప్పుడు అప్పుడు కూడా రాలేదు. పక్కింటి పిల్ల, డిగ్రీ చదువుతోంది, వచ్చి కింద కుడి మూలన స్పీకర్ బొమ్మ నొక్కి, వచ్చిన జాబితాలో మా టీవీ పేరు ఎంచింది. గది నిండా పాట మోగింది. చప్పుడు పోలేదు, టీవీకి బదులు వేరే దారిలో పోతోంది, అంతే. రెండు నొక్కులతో అయ్యే పనికి తొమ్మిది క్యాసెట్ల కథలు పోగొట్టుకున్నాం. బాపు ఏమీ అనలేదు. మర్నాడు అటకెక్కి క్యాసెట్ల పెట్టె దించుకున్నాడు.

ఆ రోజు నుంచి నేను దీని మీద చదివాను, తెలిసినవాళ్లను అడిగాను, మా ఇంటి కంప్యూటర్ మీదే ప్రయత్నించి చూశాను. తెలుసుకున్నది చెబుతాను.

మొదట, మా అక్క కొడుకు ఆ డౌన్‌లోడ్ జోలికే పోనక్కర్లేదు. వీఎల్‌సీ అనే ప్లేయర్ ఒక్కటుంటే దాదాపు ఏ వీడియో అయినా ఆడుతుంది. వీడియోలు విప్పడానికి కావలసిన కోడెక్‌లన్నీ దానిలోనే ఉంటాయి. 1996లో పారిస్ దగ్గరి ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు మొదలుపెట్టిన పని అది. ఉచితం, ప్రకటనలు లేవు. నారింజ రంగు ట్రాఫిక్ కోన్ దాని గుర్తు. 600 కోట్ల డౌన్‌లోడ్లు దాటాయని 2025 జనవరిలో ప్రకటించారు.

ఇంత మంచి సాఫ్ట్‌వేర్‌ను 2022లో మన దేశంలో దాని సొంత చోటు నుంచి తెచ్చుకోవడం కుదరలేదు. ఆ ఏడాది మొదట్లోనే వీఎల్‌సీని అందించే వీడియోల్యాన్ సంస్థ వెబ్‌సైట్ మన దగ్గర తెరుచుకోవడం మానేసింది. ముందుగా ఒక నోటీసు గానీ, కారణం గానీ చెప్పలేదు. ఇంటర్నెట్ హక్కుల కోసం పనిచేసే ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సాయంతో ఆ సంస్థ అక్టోబరులో ప్రభుత్వానికి లీగల్ నోటీసు పంపింది. నవంబరులో ఆ అడ్డు తొలగించారు. ఆ నెలలన్నీ వీఎల్‌సీ కావలసినవాళ్లు ఏం చేసి ఉంటారు? గూగుల్‌లో పేరు కొట్టి, ఏది ముందు కనిపిస్తే అది నొక్కి ఉంటారు. వీడియోల్యాన్ వాళ్ల ఆందోళన కూడా అదే: అసలు తలుపు మూస్తే జనం నకిలీ తలుపులు తడతారని. ప్రభుత్వం చేసిన ఆ పని తప్పని నేను గట్టిగా అనుకుంటున్నాను.

అసలు తలుపు గుర్తుపట్టడం కష్టమేం కాదు. వీఎల్‌సీకి వీడియోల్యాన్ డాట్ ఆర్గ్. వెతుకులాటలో అన్నిటికన్నా పైన వచ్చే వాటి పక్కన "స్పాన్సర్డ్" అని ఉంటే అది డబ్బు కట్టి పైకి ఎక్కిన ప్రకటన. దాన్ని వదిలేసి కిందికి రండి. పచ్చగా, పెద్దగా మెరిసే డౌన్‌లోడ్ బటన్ పేజీలో మూడు చోట్ల కనిపిస్తే ఆ పేజీనే మూసేయండి. విండోస్ 10, 11 ఉన్నవాళ్లకు మైక్రోసాఫ్ట్ స్టోర్ కూడా ఒక దారి.

అసలు తలుపు దగ్గరకే పోయినా మోసం జరిగిన సందర్భం ఒకటుంది. హ్యాండ్‌బ్రేక్ అని, వీడియోలను ఒక రకం నుంచి మరో రకానికి మార్చే మంచి సాఫ్ట్‌వేర్. 2017 మే 2 నుంచి 6 దాకా, దాన్ని అందించే రెండు సర్వర్లలో ఒకదానిలోకి దొంగలు చొరబడి, మ్యాక్ కంప్యూటర్ల కోసం పెట్టిన ఫైలును తీసేసి, విషం కలిపిన ఫైలు పెట్టారు. పానిక్ అనే అమెరికన్ కంపెనీని నడిపే వ్యక్తి ఒకాయన అదే తెచ్చుకుని ఎక్కించారు. ఆ కంపెనీ ప్రోగ్రాముల సోర్స్ కోడే దొంగల చేతికి పోయింది.

ఇట్లాంటిది పట్టుకోవడానికే చాలా సాఫ్ట్‌వేర్లు డౌన్‌లోడ్ పేజీలో ఒక పొడవాటి వరుస ఇస్తాయి. మామూలుగా అక్షరాలు, అంకెలు కలిసిన 64 గుర్తులు. ఫైలుకు అది వేలిముద్ర లాంటిది. లోపల ఒక్క చుక్క మారినా వేలిముద్ర మారిపోతుంది. మీరు తెచ్చుకున్న ఫైలు వేలిముద్ర తీసి చూపే సదుపాయం విండోస్‌లోనూ, దానికి బదులుగా వాడుకునే ఉచిత సిస్టమ్ లైనక్స్‌లోనూ ముందే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. నేను మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి వదిలేసేవాణ్ణి. ఇప్పుడు మొత్తం చూస్తున్నాను. రెండు నిమిషాల పని.

ఇక ఎక్కించేటప్పుడు. మనందరికీ ఒక అలవాటుంది. "నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్" అని ఆగకుండా నొక్కుతాం. ఇది చదువుకోనివాళ్ల జబ్బని ఎవరైనా అంటే నమ్మకండి. కెనడాలో లైనస్ సెబాస్టియన్ అని, కంప్యూటర్ల గురించి చెబుతూ కోట్ల మంది చూసే యూట్యూబ్ ఛానల్ నడిపే ఆయన ఉన్నారు. 2021లో పాప్ ఓఎస్ అనే లైనక్స్ మీద ఆటల కోసం స్టీమ్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించబోయారు. ఆ ప్యాకేజీలో అప్పటికి ఒక లోపం ఉంది. కంప్యూటర్ ఆగి, ఫలానా ఫలానా ముఖ్యమైన భాగాలు తీసేయబోతున్నాను, ఇది ప్రమాదం అని తెర నిండా రాసింది. ముందుకు పోవాలంటే "యెస్, డూ యాజ్ ఐ సే" అని అక్షరం పొల్లుపోకుండా టైపు చేయమంది. అంటే, అవును, నేను చెప్పినట్టు చెయ్యి అని. ఆయన టైపు చేశారు. కిటికీలు, బొమ్మలు అన్నీ పోయి నల్లటి తెర మీద అక్షరాలు మాత్రం మిగిలాయి. ఆ ముచ్చట ప్రపంచమంతా చూసింది. ఆ తర్వాత లైనక్స్ వాళ్లు అంత తేలిగ్గా అట్లా జరగకుండా ఆ ఎక్కించే పద్ధతిని మార్చారు కూడా. అంత తెలిసిన మనిషే చదవకుండా ఒప్పుకున్నాడంటే, మనం ఎంత నిదానంగా చదవాలో ఆలోచించండి.

చదివితే ఏం కనిపిస్తుంది? విండోస్‌లో ఎక్కిస్తుంటే "ఎక్స్‌ప్రెస్" అని ఒకటి, "కస్టమ్" అని ఒకటి అడిగే సాఫ్ట్‌వేర్లున్నాయి. కస్టమ్ నొక్కండి. అప్పుడు దాంతో పాటు ఇంకేమేం ఎక్కించాలని చూస్తోందో కనిపిస్తాయి. వాటి ముందు టిక్కులు తీసేయండి. మా ఇంట్లో అడగకుండా ఎక్కిన మూడూ అట్లా ఎక్కినవే. లైనక్స్ వాడేవాళ్లకు ఇంకో మాట. ఆ సిస్టమ్ తయారుచేసినవాళ్లే పరీక్షించి ఒకచోట పెట్టిన సాఫ్ట్‌వేర్ల గోదాం ఉంటుంది. రిపోజిటరీ అంటారు. మీక్కావలసింది అందులో దొరికితే బయటివి కలపకండి. 1993 నుంచి నడుస్తున్న డెబియన్ అనే లైనక్స్ వాళ్లు, పది గోదాముల సరుకు కలిపి ఎవరికీ బాగుచేయరాకుండా చేసుకున్న కంప్యూటర్లకు ఫ్రాంకెన్‌డెబియన్ అని పేరే పెట్టారు.

గాలివాన సూచనలున్న పూట పెద్ద ఇన్‌స్టాల్ మొదలుపెట్టకండి. అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతే కంప్యూటర్ మళ్లీ లేవడం కష్టం కావచ్చు.

అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది తిరుగుదారి. కొత్తది ఎక్కించే ముందే, అది పడకపోతే పాత స్థితికి ఎట్లా రావాలో చూసిపెట్టుకోవడం. విండోస్‌లో స్టార్ట్ నొక్కి "క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్" అని కొట్టండి. వచ్చిన డబ్బాలో సీ డ్రైవ్ ఎదుట ప్రొటెక్షన్ "ఆఫ్" అని ఉంటే "ఆన్" చేయండి. చాలా కంప్యూటర్లలో అది ఆఫ్‌లోనే ఉంటుంది. మాది కూడా అంతే. తర్వాత "క్రియేట్" నొక్కి ఒక పేరు పెట్టండి. నేను తేదీ, ఎక్కించబోయేదాని పేరు పెడతాను. తేడా వస్తే ఆ పాయింట్‌కు వెనక్కి పోవచ్చు. లైనక్స్‌లో ఇదే పనికి టైమ్‌షిఫ్ట్ ఉంది. డ్రైవర్ల సాఫ్ట్‌వేర్ మా టీవీ చప్పుడు దారి మళ్లించిన రోజు ఒక్క రిస్టోర్ పాయింట్ ఉండి ఉంటే మేం గడప దాటేవాళ్లం కాదు.

అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. రిస్టోర్ పాయింట్ విండోస్‌ను, సాఫ్ట్‌వేర్లను వెనక్కి తెస్తుంది గానీ ఫోటోలను, పాటలను కాపాడదు. వాటికి వేరే డిస్క్ కావాలి. డీ డ్రైవ్ వేరే డిస్క్ కాదు. ఒకే ఇంట్లో మధ్య గోడ కట్టుకున్న రెండు గదులు సీ, డీ. ఇల్లు కూలితే రెండూ పోతాయి. యూఎస్‌బీ వైరుతో తగిలించే బయటి హార్డ్‌డిస్క్ కొని, అందులోకి కాపీ చేసి, కాపీ అయినవాటిలో నాలుగైదు తెరిచి ఆడించి చూసి, వైరు పీకేయండి. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తున్నప్పుడు ఆ డిస్క్ కంప్యూటర్‌కు తగిలించి ఉండకూడదు.

ఒకసారికి ఒక్కటే ఎక్కించండి. రెండు రోజులు వాడండి. తర్వాతే ఇంకొకటి. మా కంప్యూటర్ పక్కన ఇప్పుడు పిల్లల పాత నోటుబుక్కు ఒకటి ఉంటుంది. ఏ తేదీన ఏం ఎక్కించాం, ఎక్కడి నుంచి తెచ్చాం, ఏ సెట్టింగ్ మార్చాం, అన్నీ అందులో రాస్తాం. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒకే ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. హైదరాబాద్ నుంచి కోల్‌కతా పోయే విమానానికి చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. ఆ ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. అంత పెద్దవాళ్లకు కూడా ఆ రోజు అక్కరకొచ్చింది కాగితం, కలమే.

టీవీ డబ్బాల గురించి కూడా చెప్పాలి. పేరూ ఊరూ లేని చవక ఆండ్రాయిడ్ డబ్బాలు కొన్ని, కొన్ననాడే లోపల దొంగ సాఫ్ట్‌వేర్‌తో వస్తున్నాయి. బ్యాడ్‌బాక్స్ 2.0 అనే ముఠా ఇట్లా కోటికి పైగా పరికరాలను లోబరుచుకుందని 2025 జులైలో గూగుల్ అమెరికాలో కేసు వేసింది. అంతకు ముందు నెలలోనే ఎఫ్‌బీఐ హెచ్చరించింది. ఆ హెచ్చరికలో మనకు పనికొచ్చే గుర్తు ఒకటుంది: మొదటిసారి పెట్టేటప్పుడు "ప్లే ప్రొటెక్ట్ ఆపేయండి" అని, అంటే గూగుల్ భద్రతా తనిఖీని ఆపమని, అడిగే డబ్బాను నమ్మవద్దు. వాట్సాప్‌లో పెళ్లిపత్రిక పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లూ, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లూ, ఈ జాతివే. ఉచితంగా కొత్త సినిమా చూపిస్తామనే సైట్లు ఎక్కించమనే ప్లేయర్ల సంగతి కూడా ఇదే. కోడి అనే మంచి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఇంట్లోని పాటల్ని, వీడియోల్ని టీవీ మీద అందంగా పేర్చి చూపిస్తుంది. దానిలో సినిమాలేవీ ఉండవు. సినిమాలతో సహా కోడి అమ్ముతున్నామని ఎవరైనా అంటే, వాళ్లు ఇంకేదో కలిపారన్నమాట.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది. మా పాత కంప్యూటర్ విండోస్ 11ను మోయలేదు. అందుకని లైనక్స్ వేసుకున్నాం. నేరుగా ఎక్కించకుండా ముందు పెన్‌డ్రైవ్ మీద నడిపి చూశాను. లోపలి డిస్క్‌ను ముట్టకుండానే టీవీలో బొమ్మ, చప్పుడు వస్తున్నాయో లేదో తెలిసిపోయింది. మెనూలు తెలుగులో కావాలనుకునేవాళ్ల కోసం హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ ఏళ్లుగా పనిచేస్తోంది. తెలుగులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మన పిల్లలే తయారుచేశారని వింటే నాకు చాలా సంతోషమేసింది.

ఇంత చేసినా కంప్యూటర్ పాడైతే? అది నొక్కి ఇది నొక్కి ఇంకా చెడగొట్టకండి. చివరగా ఏం ఎక్కించారో నోటుబుక్కులో చూసి, దాన్ని తీసేసి చూడండి. దొంగ సాఫ్ట్‌వేర్ అని అనుమానముంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచితంగా శుభ్రం చేసే సాధనాలు ఇస్తోంది. డబ్బు పోయిందంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. దుకాణానికి తీసుకుపోవాల్సి వస్తే, ఒక కాగితం మీద పెద్దక్షరాలతో "ఫార్మాట్ కొట్టే ముందు నాకు ఫోన్ చేయాలి" అని రాసి, మీ నంబరు వేసి, కంప్యూటర్‌కు టేపుతో అతికించండి. ఎదుటివాళ్ల మీద అనుమానంతో కాదు. పని ఒత్తిడిలో ఉన్న మనిషికి మన కంప్యూటర్‌లో ఉన్నవాటి విలువ తెలియదు కాబట్టి.

బాపు అటక మీద నుంచి దించిన పెట్టెలో ఎనిమిది క్యాసెట్లు దొరికాయి. ఒకదాని రీలు అతుక్కుపోయి తిరగలేదు. ఏడింటిని మళ్లీ ఎక్కించాం. అదే కుర్చీ, అదే నీలి గీత. ఇప్పుడు వాటి కాపీ ఒకటి బీరువాలో ఉంది, ఒకటి హనుమకొండలో అక్క దగ్గర ఉంది. పోయిన రెండింటిలో ఒకటి బీరప్ప కథ. చెప్పినాయన ఇప్పుడు లేడు.

మీ ఇంటి కంప్యూటర్‌లో కూడా ఇట్లాంటివి ఉంటాయి. నాయనమ్మ పాడిన పాటో, పోయినవాళ్ల మాటో, పిల్లల మొదటి అడుగులో. ఈ ఆదివారం ఒక గంట కేటాయించి వాటిని బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. తెరిచి చూసి, వైరు పీకి, బీరువాలో పెట్టండి. ఏ కొత్త సాఫ్ట్‌వేరైనా ఆ తర్వాతే ఎక్కించండి.